అక్కడ తప్పకుండా ఏరు

నేను పెద్ద పర్వతారోహకుడినని మా బంధువుల్లో ఒక పుకారు ఉంది. దాన్ని పుట్టించింది నేనే, నలభై ఏళ్లుగా మేత వేసి పెంచుతున్నదీ నేనే. పెళ్లిళ్లలో భోజనాలు ఆలస్యమైతే చాలు, ఎవరో ఒకరు "సత్యం బాబాయ్, ఆ ఏరు కథ చెప్పవూ" అంటారు. బతిమాలించుకోవడం కూడా మర్యాదే కాబట్టి ఒక్కసారి వద్దంటాను. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, పాతికేళ్లు నిండకముందే వీపున సంచీ తగిలించుకుని, ఒంటరిగా రాష్ట్రం సరిహద్దు దాటి, బస్తర్ కొండలెక్కి దిగిన వైనం మొదలుపెడతాను. జనం పడీ పడీ నవ్వుతారు. నేను కథ బాగా చెబుతానని నవ్వుతున్నారనుకునేవాణ్ణి. ఆ కథ నాకే సరిగా తెలియదని మొన్ననే తెలిసింది.

మొన్న కిరండూల్ నుంచి మేనకోడలు వాణి ఫోన్ చేసింది. మా జానకక్క కూతురు. దంతెవాడ ఆసుపత్రిలో నర్సు. "మామయ్యా, సండే మా బ్యాచ్ అంతా కొండెక్కుతున్నాం. నువ్వే చీఫ్ గెస్ట్, మనా మత్ కర్నా, కాదనకూడదు" అంది. ఇంతకాలం కోసిన కోతలకు ఇలాంటి రోజొకటి వస్తుందని ఊహించాల్సింది. సరేనన్నాను. మోకాళ్లు మాత్రం అప్పటికప్పుడే కుదరదన్నాయి. భద్రాచలంలో పొద్దున్నే బయల్దేరి, బస్సూ జీపూ మారుతూ, ఒకప్పుడు కాలిబాట కూడా సరిగా లేని కిష్టారం వైపు ఇప్పుడు పడిన నల్లటి తారు రోడ్డు చూసి నోరెళ్లబెట్టి, సాయంత్రానికల్లా అక్క ఇంట్లో ఉన్నాను. నా కుర్రతనంలో అదే దూరం నాలుగు రోజులు పట్టింది. అందులో ఒక రోజు నా తెలివికి పట్టిన కాలం.

ఆదివారం సంగతి ఎక్కువ చెప్పను. వాణి నాకు ఛాతీ దగ్గరా నడుం దగ్గరా బకిల్స్ ఉన్న సంచీ ఒకటి తగిలించింది. అన్నీ బిగించాక నేను కొండెక్కబోతున్నవాడిలా కాక ఎక్కడికో పార్సిల్ అవుతున్నవాడిలా ఉన్నాను. పావు కొండ ఎక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక బండ మీద కూలబడి, "మీరు పదండి, నేను ప్రకృతిని చూస్తాను" అన్నాను. నెత్తిన ఆకుల మోపు, చంకలో పసివాడితో ఒకామె నన్ను దాటుకుని పైకి వెళ్లిపోయింది. పోతూ పోతూ నా వైపు ఎంత జాలిగా చూసిందంటే, ఆ ప్రకృతిని కూడా చూడబుద్ధి కాలేదు. దిగేటప్పుడు నా సంచీ వాణే మోసింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నానో లేదో, పైకప్పు మరమ్మతుకని అటక ఖాళీ చేయిస్తున్న అక్క, దుమ్ములోంచి ఆకుపచ్చ మూట ఒకటి నా ముందు ధబేల్మని పడేసింది. "ఇదిగో, నీ ఘనకార్యం. ఇన్నేళ్లూ ఇందులో పాత దుప్పట్లు కుక్కి ఉంచా" అంది. నా సంచీ! లారీ టార్పాలిన్ గుడ్డతో మా ఊరి దర్జీ కుట్టింది. వీపు వైపు ఎర్రటి నూనె మరక ఇంకా ఉంది. వాసన కూడా ఉన్నట్టే అనిపించింది. ఆ వాసన ముందుగా మా భద్రాచలం ఇంటి వంటగదిలో పుట్టింది.

అప్పట్లో మా ఇంట్లో రెండు వాసనలుండేవి. ఒకటి అమ్మ వంట, రెండోది నాన్న తునికాకు. నాన్న తునికాకు కల్లంలో గుమస్తా. బీడీలు చుట్టే ఆకును అడవిలో జనం కోసి కట్టలు కట్టి తెస్తారు. ఆ కట్టలు పరిచి ఆరబెట్టే చోటే కల్లం. ఎండాకాలమంతా సరిహద్దు అవతల డోర్ల గోండుల ఊళ్లలో ఉండి, వానలకు ముందు ఇంటికొచ్చేవాడు. వచ్చాక వారం రోజుల దాకా ఆయన చొక్కాలకు ఎండుటాకు వాసన పోయేది కాదు. మైళ్లలో మాట్లాడేవాడు కాదు. బజారు ఒక బీడీ దూరం, గోదావరి రెండు బీడీల దూరం. ఇక నీళ్ల విషయంలో ఆయనంత పట్టింపున్న మనిషిని నేను చూడలేదు. రాగి చెంబు ఎత్తి పట్టుకుని పెదవి తగలకుండా గటగటా తాగి, కాసేపు కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాడు. అమ్మ ఎప్పుడైనా ఓపిక లేక దగ్గర బావిలో తోడుకొస్తే ఒక్క గుక్కలో కనిపెట్టేసేవాడు. "ఇవి మన నీళ్లు కావు" అనేవాడు. కూర మాడినా పల్లెత్తు మాట అనని మనిషి, నీళ్లకు మాత్రం రాజీ పడేవాడు కాదు.

అలాంటి మనిషికి కోపం వస్తే ఒట్టు దేని మీద పెడతాడు? నీళ్ల మీదే పెట్టాడు. జానకక్క తనకు నచ్చిన మనిషిని, కిరండూల్ గనుల్లో ఎలక్ట్రీషియన్‌గా చేసే విజయనగరం వైపు అబ్బాయిని, దంతెవాడ ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్లి చేసుకుంది. ఉత్తరం వచ్చినప్పుడు నాన్న అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కుని లేచి, "ఆ గడపలో మనింటి మనిషెవరూ పచ్చి మంచినీళ్లు ముట్టడానికి వీల్లేదు" అన్నాడు. అంతే. అరవలేదు, ఏడవలేదు. రెండేళ్లు అక్క పేరు మా ఇంట్లో పైకి వినపడలేదు. అమ్మ వంటింట్లో మాత్రం గొణుక్కునేది. నేను ఏ పక్షమూ కాదు. ఉద్యోగం లేని బీయే వాడికి పక్షమేమిటి, పెట్టింది తినడమే.

రెండేళ్ల తర్వాత పక్కింటివాళ్ల చిరునామాకు అమ్మ పేరిట ఒక కార్డు వచ్చింది. అక్కకు ఆడపిల్ల పుట్టింది. మొదటి కాన్పుకు పుట్టింట్లో ఉండాల్సిన పిల్ల, దిక్కులేనిదానిలా ఎక్కడో కొండల కింద కన్నదని అమ్మ మూడు రోజులు ముక్కు చీదింది. నాలుగో రోజు శొంఠి, పిప్పళ్లు, మిరియాలు దంచి, పాకం పట్టి, నెయ్యి పోసి బాలింతల కాయం చేసింది. ఆ ఘాటుకు వీధి చివర కుక్క కూడా తుమ్మింది. నాన్న "ఏందది?" అనడిగితే "నా నడుం నొప్పికి" అంది. దాన్ని అక్కకు చేర్చే మనిషి కావాలి. ఇంట్లో పనీపాటా లేని మనిషిని నేనొక్కణ్ణే.

రైలెక్కి పోయిరావచ్చు కదా అంటారు. వచ్చు. విశాఖ స్నేహితుడి పెళ్లనో, ఇంటర్వ్యూ అనో చెబితే సరిపోయేది. కానీ నా పేరు సత్యం. అబద్ధం చెప్పడం చేతకాదు, చెబితే దాన్ని నేనే ముందు నమ్మేస్తాను. ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు పత్రికలో వీపున సంచీలతో మంచుకొండలెక్కే తెల్లవాళ్ల బొమ్మలు చూసి ఉన్నాను. నాన్న ముందు నిలబడి, "బైలాడీలా కొండల్లో హైకింగ్ చేద్దామనుకుంటున్నా" అన్నాను. "అంటే?" అన్నాడు. "కొండ ఎక్కడం." "ఎక్కి?" ఆలోచించాను. "దిగడం" అన్నాను. నాన్న బీడీ ముట్టించి, అది అయిపోయేదాకా నా మొహమే చూశాడు. బీడీ ఆర్పి, "చెర్ల నించి లోపలికి పో. దారి నేను రాసిస్త" అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన ఒక పాత కల్లం కాయితం వెనక పెన్సిల్‌తో గీస్తూ కూర్చున్నాడు. సరిహద్దు రాయి, చింతచెట్లు, గుట్టలు. ఒక్కో గుర్తు పక్కన పొడి పొడిగా రెండేసి మాటలు. నాలుగైదు చోట్ల ‘ఏరు’ అని రాశాడు. అమ్మ అది చదివి గుండెలు బాదుకుంది. "ఇన్ని చోట్ల ఏరుందేంది! వీడికి ఈత రాదు గదా!" అంది. "ఈత అక్కర్లేదులే" అన్నాడు నాన్న, గోడ వైపు చూస్తూ. "కొండ అవతల దిగితే రైలు పట్టాలొస్తయి. అక్కడ రైలెక్కి విశాఖ మీదుగా తిరిగి రా" అన్నాడు. ఆ పట్టాలున్నది కిరండూల్లోనని ఆయన అనలేదు, మేమూ అనలేదు. వంటింట్లోకి పోయి అమ్మా నేనూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ముసలాయన బుట్టలో పడ్డాడనుకున్నాం.

సంచీలో కాయం డబ్బా, ఆవకాయ జాడీ, పాత చీరలతో కుట్టిన పొత్తిగుడ్డలు, పసిదానికి నల్లపూసలు పెట్టి అమ్మ మూతి కట్టింది. నా బట్టలకు చోటు మిగల్లేదు. నేను ఉన్న బట్టలతోనే హిమాలయాలకు పోతున్నంత ఠీవిగా చెర్ల బస్సెక్కాను.

సరిహద్దు దాటడం ఒక మహత్తర ఘట్టమని నా ఊహ. రాయి కనబడగానే ఆగి, గట్టిగా ఊపిరి పీల్చి, ఏదో ఒకటి అనుకుందామని ముందే సిద్ధం చేసుకున్నాను. తీరా చూస్తే ఆ రాయికి ఒక మేక వీపు గోక్కుంటోంది. నేనొచ్చానని అది ఆపలేదు. పక్కన నాగలి పట్టిన మనిషిని "ఇక్కణ్ణించి మధ్యప్రదేశేనా?" అనడిగాను. అప్పటికి ఛత్తీస్‌గఢ్ లేదు. అతను చుట్టూ చూసి, "ఇది మా బావ చేను" అన్నాడు. గుట్టుచప్పుడు కాకుండా చేను దాటాను.

కాయితంలో మొదటి గుర్తు, ‘మూడు చింతల ఊరు. ఏరు. తర్వాత కుడి దారి.’ ఊరు దొరికింది, మూడు చింతలూ దొరికాయి. ఏరు లేదు. మొదటి ఇంటి కంచె దగ్గర నిలబడి, "ఏరు ఎక్కడ?" అన్నాను. ఒకామె లోపలికి పోయి సొరబుర్రతో నీళ్లు తెచ్చిచ్చింది. ఎంత మంచి మనుషులో అనుకుని తాగాను. "ఏరు?" అన్నాను మళ్లీ. మళ్లీ పోసింది. కాదనలేక తాగాను. రెండో ఇంట్లో అడిగాను. బుర్ర. మూడో ఇంట్లో చేతులతో అలల్లా ఊపి చూపించాను, "పెద్ద ఏరు! పెద్దది!" అన్నాను. అక్కడ కుండే తెచ్చారు. అయిదో ఇంటికొచ్చేసరికి నేను నడుస్తుంటే కడుపులో బుడబుడమని చప్పుడు. పిల్లలూ ముసలాళ్లూ నా వెనక గుంపుగా వస్తున్నారు. ఇంత దాహం ఉన్న మనిషిని వాళ్లెన్నడూ చూసి ఉండరు. చివరికి ఒక ముసలాయన తన ఖాళీ కుండ బోర్లించి, "ఏరు లేదు" అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఓహో, ఇటు ఏరు లేదు కాబోలు, నాన్న పొరపడ్డాడు అనుకుని, ఎడమ దారి పట్టుకున్నాను.

ఆ ఎడమ దారి నన్ను గుట్టల్లో తిప్పి తిప్పి, పొద్దు వాలే వేళకు ఒక ఊరికి చేర్చింది. దేవుడా అనుకుంటూ కంచె దగ్గర సంచీ దింపాను. ఈ ఊళ్లోనూ మూడు చింతలున్నాయే అని ఆశ్చర్యపోతుండగా, పొద్దున నన్ను చూసి మొరిగిన కుక్కే వచ్చి తోకాడించింది. పిల్లలు కేకలేశారు. ఒకడు ఇంట్లోకి పరుగెత్తి బుర్ర పట్టుకొచ్చాడు.

అప్పుడే సంత నుంచి వచ్చిందట, ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని ఒక అవ్వ గుంపును తోసుకుని వచ్చింది. పేరు ముత్తమ్మ. చెర్ల సంతకు పోయి పోయి తెలుగు బాగా వచ్చు. "ఏంది బాబూ, పొద్దుగాల్నించి ఏరు ఏరనుకుంట తిరుగుతున్నవంట. గంత దూపయిందా?" అంది.

"దూప కాదవ్వా. నేను ఏరు దాటాలి. దాటి కుడికి పోవాలి."

"ఏరు దాటుడేంది? ఏరు తాగుతరు!"

"తాగడం కాదవ్వా, ఏరు..." అని మళ్లీ చేతులూపాను.

ఆమె నా చేతులనూ నా మొహాన్నీ చూసి, మూట దింపి, కూర్చుని మరీ నవ్వింది. ఊరంతటికీ వాళ్ల భాషలో చెప్పింది. ఊరూ కూర్చుని నవ్వింది. "మా మాటల ఏరంటే నీళ్లు బాబూ. పారేదాన్ని మేం వాగంటం. ఎవలన్న ఇంటికొస్తే ముందుగాల ఏరిస్తం. ఏరు తాగినంకనే మాట. తాగకపోతే మా మీద పగతోటి వచ్చిండనుకుంటం" అంది. నా కాయితం సంగతి చెప్పి నాన్న పేరు చెప్పగానే ఆమె మొహం వెలిగింది. "కల్లం సారు కొడుకువా! మీ నాయన నా ఇంట్ల ఎన్ని పాలి ఏరు తాగిండో. ఈ ఏరు మంచిగుంటదని అందరికి చెప్పేటోడు" అంది. అప్పుడర్థమైంది. నాన్న రాసింది మార్గం కాదు, మర్యాద. ఈ ఊళ్లో ఆగు, నీళ్లు తాగు, తర్వాత కుడికి తిరుగు. నాన్న చెప్పినట్టే, పాపం, అయిదు ఇళ్లలో చేశాను. కుడికి తిరగడమే మరిచిపోయాను. నేను నలభై ఏళ్లుగా చెబుతున్న ఏరు కథ ఇంతవరకే.

మిగతా మూడు రోజులూ మ్యాపు ప్రకారం నడిచాను. ‘ఏరు’ అని ఉన్న చోటల్లా ఆగాను, తాగాను, దారి చెప్పించుకున్నాను. ఆ మాట పలికితే చాలు, తలుపులు తెరుచుకున్నాయి. అయితే కొండ నన్ను వదిలిపెట్టలేదు. అరువు బూట్లు మడమలు కొరికేశాయి. ఎండకు ఆవకాయ జాడీ మూత వదులై, నూనె వీపు మీదుగా కారి లాగు దాకా వచ్చింది. ఎదురైన కట్టెల మనిషి ఆ ఎరుపు చూసి, మోపు పారేసి పరుగెత్తుకొచ్చి నన్ను పడుకోబెట్టబోయాడు. చీమలు బారులు కట్టి నా వెంట కొండెక్కాయి. మూడో రోజు శిఖరం మీద ఆకలికి ఆగలేక కాయం డబ్బా తెరిచాను. ఒక ముద్ద అనుకున్నాను. తేరుకుని చూస్తే సగం లేదు. బాలింతల కాయం తిని కొండ దిగిన మొనగాణ్ణి చరిత్రలో నేనొక్కణ్ణేనని నా నమ్మకం. చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

కాయితం మీద చివరి గుర్తు ఇది. ‘కొండ దిగితే రైలు పట్టాలు. అక్కడ తప్పకుండా ఏరు.’ దిగాను. పట్టాలున్నాయి. పట్టాల పక్కన నిజంగానే ఒక వాగు, ఇనుప రాయి కడిగిన నీళ్లతో ఎర్రగా, చిక్కగా పారుతోంది. నాన్నకు ఎంత జ్ఞాపకశక్తి అని మెచ్చుకున్నాను. ఆ ఒక్కచోట మాత్రం ఏరు అంటే ఏరే అనుకున్నాను. ఎదురుగా కనబడుతున్నదాన్ని ఎవరైనా ఏమని అనుమానిస్తారు? కాయితం మడిచి సంచీ లోపలి జేబులో తోసి, అక్క క్వార్టర్ వెతుక్కుంటూ పోయాను.

అక్క తలుపు తీసి, నన్ను చూసి, గుమ్మం పట్టుకుని నిలబడింది. చంకలో గుడ్డలో చుట్టిన వాణి. ఆరేసిన బట్టల మీద, కిటికీ ఊచల మీద, అంతటా సన్నటి ఎర్ర దుమ్ము. "ఒరే సత్యం, నువ్వేనా! నడిచొచ్చావా! నాన్న పంపాడా?" అంది. ఆ చివరి మాట అడుగుతున్నప్పుడు ఆమె గొంతు ఎలా ఉందో ఇప్పటికీ చెవిలో ఉంది. "లేదక్కా, నాన్నకు తెలియదు" అన్నాను. బావ లోపల్నించి వచ్చి, "ఏటి బావా, గుమ్మంలోనే నిలబడిపోనావేటి? లోనికి రా" అన్నాడు. నేను వరండాలోనే కూర్చున్నాను. అక్క స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. నా పెదాలు పగిలి ఉన్నాయి. కాయం వేడికి గొంతు మండుతోంది. నాన్న ఒట్టు గుర్తొచ్చింది. రేపు ఇంటికెళ్లాక ఆయన కళ్లలోకి చూడాలి, అబద్ధాల మీద అబద్ధం ఎన్నని చెప్పను? ఈ ఒక్క విషయంలోనైనా నిజాయితీగా ఉందామని నా వీరత్వం. "దాహం లేదక్కా" అన్నాను.

అక్క గ్లాసు లోపలికి తీసుకుపోయింది. డబ్బా తెరిచి, "సగమే ఉందేంట్రా?" అంది. "అమ్మ అంతే చేసింది" అన్నాను. అంతకన్నా సిగ్గుమాలిన మాట నా జీవితంలో అనలేదు. భోజనానికి ఉండమని బావ చెయ్యి పట్టుకున్నా రైలు టైమైందన్నాను. పట్టీ తెగిన సంచీ అక్కడే వదిలేశాను. క్వార్టర్ల లైను చివర కుళాయి కనబడగానే దాని కింద తల పెట్టి, ఊపిరి ఆడనంతగా తాగాను. నాలుగు రోజులు ముక్కూ మొహం తెలియని ఇళ్లలో అడిగి మరీ తాగినవాణ్ణి, సొంత అక్క ఇచ్చిన గ్లాసు కాదని వీధి కుళాయి దగ్గర తాగాను. అప్పుడు నాకది గొప్పగానే అనిపించింది.

ఇంటికి చేరేసరికి నాన్న అరుగు మీద ఉన్నాడు. నా మడమలూ, ఎర్ర మరకలూ చూశాడు. ముత్తమ్మ ఎట్లుందన్నాడు. చెప్పాను, నవ్వాడు. నాన్న నవ్వడం అరుదు. బీడీ ముట్టించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ, "చివర, పట్టాల కాడ? ఏరు తాగినవా?" అన్నాడు. "అబ్బే, అది తాగేదేనా నాన్నా! చూస్తేనే కడుపులో తిప్పింది" అన్నాను హుషారుగా. నాన్న బీడీ మళ్లీ కట్టలో పెట్టేసి లేచి లోపలికి పోయాడు. అలసిపోయాడనుకున్నాను.

మూడేళ్లకు నాన్న పోయాడు. అక్క వచ్చింది. పదిరోజులూ మా పక్కింట్లో ఉంది, మా అరుగు మీదే కూర్చుంది, అమ్మ ఎంత ఏడ్చి బతిమాలినా మా ఇంట్లో గుక్కెడు నీళ్లు తాగలేదు. ఎంత పంతం దీనికి అనుకున్నాను. ఆ తర్వాత అమ్మ కిరండూల్ వెళ్లొచ్చింది, నేనూ వెళ్లొస్తున్నాను, తింటున్నాను, తాగుతున్నాను. కానీ నాన్న పేరొస్తే అక్క మొహం అటు తిప్పుకునేది. నేను నడిచిన దారుల్లో మధ్యలో చాలా ఏళ్లు మామూలు మనుషులు నడవలేకపోయారు. నడిచినవాణ్ణి ఎవరివి, ఎక్కడికి, ఎందుకు అని అటు అన్నలూ ఇటు పోలీసులూ అడిగేవాళ్లే. నీళ్లు తెచ్చి ఆ తర్వాత అడిగే ముత్తమ్మ లాంటివాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నేను పోనూ లేదు. పెళ్లిళ్లలో ఆమె మాటలు అనుకరించి నవ్వించడం మాత్రం మానలేదు.

ఇదంతా తలుచుకుంటూ ఆ సంచీ వాసన చూస్తుంటే, వాణి పక్కనే చతికిలబడి జేబులన్నీ వెతికింది. ఇప్పటి దాని సంచీకి ఎన్ని జేబులో, దీనికి ఒక్కటే. అందులోంచి నాలుగు మడతల కాయితం తీసింది. మడతల దగ్గర చిరిగి, ఒక మూల నూనెకు పారదర్శకంగా అయిపోయింది. "అరే, తాతయ్య మ్యాప్!" అని కేకేసింది. వాణి హిందీ మీడియంలో చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవాలంటే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. వేలు పెట్టి మొదలుపెట్టింది. "మూ... డు... చిం... తల." నేను గోడకు ఆనుకుని, నా కథలో ఈ భాగం ఎలా చెబుతానో మనసులో సవరించుకుంటున్నాను. అక్క బియ్యం చెరుగుతూ వింటోంది.

"కొండ... ది... గితే... రైలు పట్టాలు. అక్కడ... త... ప్ప... కుండా... ఏ... రు. ఏరు." తలెత్తింది. "తాతయ్యకి గోండీ కూడా వచ్చా మామయ్యా? నీళ్లు తాగమని రాశాడు. మా వార్డులో పేషెంట్లు రోజంతా అడిగేది అదే కదా, ఏర్, ఏర్ అని. అక్కడ తప్పకుండా నీళ్లు తాగు, అని. అక్కడ అంటే మన ఇల్లే కదా?" అని, "బస్, ఇంతే రాసుంది" అంటూ కాయితం తిప్పి వెనక చూడసాగింది.

"కాదమ్మా, అక్కడ ఎర్ర వాగు..." అని దిద్దబోయాను. ఏరు మీద మా వంశంలో అధికారం నాది. అంతలో తట్టింది. వాగుకు నాన్న ఏరు అని ఎందుకు రాస్తాడు? కాయితంలో మిగతా అన్ని చోట్లా నీళ్లయిన మాట, ఈ ఒక్కచోట వాగు ఎందుకవుతుంది? పైగా ‘తప్పకుండా’. అమ్మ చదివినా అర్థం కాని మాటలో, తన ఒట్టు తానే తెంపి, నా చేతికిచ్చి పంపాడు. దారిలో ఆ మాట నేర్చుకుంటాను, చివరికొచ్చేసరికి అర్థం చేసుకుంటాను అనుకున్నాడు. తెలివైన కొడుకనుకున్నాడు. నా మొహం! వాళ్లు నేర్పారు, నేను నేర్చుకున్నాను, తీరా కావలసిన చోట మరిచిపోయాను. అది చాలదన్నట్టు, ఆశగా అడిగిన ముసలాయనతో, చూస్తేనే కడుపులో తిప్పిందన్నాను. కొడుకు వట్టి వెధవ అనుకున్నాడో, కూతురింటి నీళ్లు అసహ్యించుకుని వచ్చాననుకున్నాడో. రెండోదే అనుకుని ఉంటాడు. అందుకే లేచి పోయాడు.

అక్క చేట పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, వాణి చేతిలోంచి కాయితం తీసుకుంది. పెదాలు కదుపుతూ ఆ ఒక్క వరుసే చాలాసేపు చదివింది. నాన్న నన్ను అడిగిందీ, నేను చెప్పిందీ అప్పుడు అక్కకు చెప్పాను. అదీ నేను ఎవరికీ చెప్పని భాగమే. ఈ వయసులో ఏడిస్తే అసహ్యంగా ఉంటుందని ఆపుకోబోయి, ఆపుకోలేక ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"దాహం లేదన్నావు కదరా ఆ రోజు" అంది.

"అవునక్కా."

"లైను చివర కుళాయి కింద తల పెట్టి తాగావు. వంటింటి కిటికీలోంచి చూశాను. ఇంత దాహం పెట్టుకుని కూడా తాగలేదంటే, నాన్న ఎంత గట్టిగా చెప్పి పంపాడో అనుకున్నా. నేను చేసిన తప్పు అంత పెద్దదా అనుకున్నా. అందుకే ఆయన పోయినప్పుడు కూడా ఆ ఇంట్లో నీళ్లు ముట్టబుద్ధి కాలేదు."

అక్క మోకాళ్ల మీద చేతులానించి లేచింది. వంటింట్లో బిందె మీది మూత చప్పుడైంది. స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి నా ముందు పట్టుకుంది. నేను అందుకుని, పెదవి తగలకుండా ఎత్తి, గటగటా తాగేశాను. సగం చొక్కా మీదే పడ్డాయి. నాన్నకు వచ్చిన ఆ ఒక్క విద్య కూడా నాకు రాలేదు.

అక్క ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయి, మళ్లీ నింపుకొచ్చింది.

"చాలక్కా" అన్నాను.

"ఇది నీకు కాదురా. నాన్నది" అంది.

అదీ తాగాను.